ఏమీ జరగని ఇల్లు

ఫిబ్రవరి 3

ఉద్యోగం వచ్చింది.

ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ గారు చాలాసేపు ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. చివరికి ఆయన, "మీకు ఇబ్బందిగా లేదా అమ్మా?" అన్నారు.

"లేదు సార్."

"మీకన్నా ముందు వచ్చినవాళ్ళంతా కుర్చీలో కూర్చోగానే ఎండల గురించి ఎత్తుకున్నారు. సోమవారం నుంచి వచ్చేయండి."

ఏడో క్లాసులో కాన్వెంటు సిస్టర్లు నాకు సత్ప్రవర్తన బహుమతి ఇచ్చారు. ఏడాదంతా నోరు విప్పలేదని. అది ఎప్పటికైనా అన్నం పెడుతుందని నేను అనుకోలేదు, ఆ సిస్టర్లూ అనుకుని ఉండరు.

ఫిబ్రవరి 10

ఘటనారాహిత్య అధ్యయన విభాగం. బోర్డు మీద మూడు వరుసల్లో రాసి ఉంది. ఏమీ జరగకపోవడాన్ని చదవడం మా పని. కాలేజీలో అందరూ సున్నా సెక్షన్ అంటారు. ఉన్నది ప్రొఫెసర్ గారు, నేను, ఒక కిటికీ.

కిటికీ కింద సందు. సందులో ఒక గోడ, ఒక కుళాయి, చక్రాలు లేని స్కూటరు. అప్పుడప్పుడు పిల్లి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను వాటిని చూడాలి.

"చరిత్ర రాసేవాళ్ళు యుద్ధాలు రాశారు," అన్నారు ప్రొఫెసర్ గారు. "పేపరువాళ్ళు ప్రమాదాలు రాస్తారు. ఈ రెంటికీ మధ్యనున్న కాలాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మనిషి బతికేది అందులోనే కదమ్మా!"

ఆయన కళ్ళు చెమర్చాయి. నాకు నవ్వు రాలేదు. ఆయన చెప్తుంటే నిజమే కదా అనిపిస్తుంది.

ఘటన అంటే ఏమిటో నేర్పారు. కనీసం ఇద్దరు చూడాలి. మనిషో వస్తువో ఉన్నచోటు నుంచి కదలాలి. మర్నాడు దాని గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి. ఈ మూడింట్లో ఏది తగ్గినా ఏమీ జరగనట్టే లెక్క. పిల్లి రావడం ఘటన కాదు, నేను తప్ప చూసినవాళ్ళు లేరు.

అన్నింటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. చూసేవాళ్ళు తామే ఘటన కాకూడదు. నా ముందు పనిచేసినతను కుళాయి దగ్గరికి వచ్చిన ఒకావిడకి కిటికీలోంచి చెయ్యి ఊపాడట. ఆవిడ కూడా ఊపిందట. అప్పటిదాకా పోగైన సమాచారమంతా పనికిరాకుండా పోయిందని చెప్పేటప్పుడు ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నాతో అలాంటి ప్రమాదం లేదు.

ఫిబ్రవరి 14

ఎదుటి గదిలో గుమాస్తా గారు రోజూ ఒకే జోకు వేస్తారు. "ఏమ్మా, ఇవాళ పనేమైనా జరిగిందా? జరిగితే కొంప మునిగినట్టేగా మీకు!"

నేను రోజూ నవ్వుతాను. అలవాటైంది.

ఫిబ్రవరి 18

అక్క వచ్చింది. ఊరికే. నాలుగు రోజులుండి వెళ్తుందట.

ఫిబ్రవరి 19

ఏమీ జరగలేదు.

ఫిబ్రవరి 25

అక్క పెట్టె ఇంకా ముందుగదిలోనే, చెప్పుల స్టాండు పక్కన ఉంది. లోపలికి తెస్తానంటే అమ్మ వద్దంది. "నాలుగు రోజుల భాగ్యానికి లోపలెందుకు, అడ్డం కాకపోతే?" అక్క రోజూ స్నానానికి ముందు అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టె తెరిచి, బట్టలు తీసుకుని, మళ్ళీ మూస్తుంది. పేపరు చదువుతున్న నాన్న కాళ్ళు ఎత్తి దారిస్తారు.

చిన్నప్పుడు నాన్న అక్కని మా ఇంటి రేడియో అనేవారు. స్కూలు నుంచి వస్తూ వీధి మలుపు దగ్గరే మొదలుపెట్టేది. ఎవరు పడ్డారు, ఎవరికి దెబ్బ తగిలింది, లెక్కల టీచరు చీర మీద సిరా ఎలా ఒలికింది. నన్నేమో మూగనోము అనేది. "మూగనోమూ, నువ్వూ ఒక ముక్క చెప్పవే," అని గిల్లేది. నేను చెప్పేలోపు మళ్ళీ తనే అందుకునేది. మా ఇద్దరికీ అలా బాగానే జరిగిపోయింది.

ఇవాళ వంటింట్లో అమ్మ అడుగుతోంది.

"ఏం జరిగిందే?"

"ఏం జరగలేదమ్మా."

"చెయ్యి చేసుకున్నాడా?"

"లేదు."

"తాగుతాడా?"

"లేదు."

"ఇంకెవరైనా..."

"అబ్బే."

"మరి?"

"అదే చెప్తున్నా. ఏమీ జరగలేదు. అక్కడ ఏమీ జరగదమ్మా."

"పిచ్చిమొహమా, ఏమీ జరగకపోతే ఎందుకొచ్చినట్టు?"

నేను పక్కగదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒకటే పేజీ చదివాను.

మార్చి 2

మధ్యాహ్నం అక్క నా మంచం మీద పడుకుని, పైకప్పుతో మాట్లాడుతున్నట్టు చెప్పింది. నేను కింద కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను.

బావగారు తూనికలు కొలతల ఆఫీసులో పనిచేస్తారు. కొట్లలో త్రాసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర వేయడం ఆయన పని. పొద్దున వెళ్తారు, సాయంత్రం వస్తారు. భోంచేస్తారు. గడియారానికి కీ ఇస్తారు. పడుకుంటారు. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే.

"మొదట్లో అలసిపోయి వస్తున్నారేమో అనుకున్నానే. తర్వాత నా మాటలు ఎక్కువై ఆయనకి సందు దొరకట్లేదేమో అనుకుని నేనూ మానేశాను. మానేశానని కూడా ఆయనకి తెలియలేదు."

ఒకరోజు కూరలో ఉప్పు రెండింతలు వేసిందట. తిన్నారు, రెండు గ్లాసుల నీళ్ళు తాగారు, లేచారు. ఒకరోజు గడియారం అరగంట ముందుకి తిప్పి పెట్టిందట. చూసి, సరిచేసి, తుడిచి వెళ్ళారు. ఒకరోజు తలుపు వెనక కూర్చుని బయటికే రాలేదట. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకున్నారు. ఒక కప్పు.

"చివరికి గాజుగ్లాసు ఆయన కాళ్ళ దగ్గర పగలగొట్టానే. తిడతారనుకున్నా. తిట్టినా బాగుండేది. చీపురు తెచ్చి శుభ్రంగా ఊడ్చి, ముక్కలు కాగితంలో చుట్టి, బయట పారేసి వచ్చారు. పాపం, ఎవరికీ గుచ్చుకోకూడదని."

అది చెప్తూ అక్క నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అది ఇటు తిరిగి నా మొహంలోకి చూసింది. నేనేదో అనాలి. మడతపెట్టిన దుప్పటే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

మార్చి 6

పిన్ని వచ్చింది. ముందుగదిలో అడుగుపెట్టగానే పెట్టె చూసింది. పెట్టెని చూడకుండా మా ఇంట్లోకి ఎవరూ రాలేరు.

"బంగారంలాంటి మొగుడు. పల్లెత్తు మాట అనని మనిషి. ఎంతమందికి దొరుకుతాడే?"

"పల్లెత్తు మాటే కాదు పిన్నీ, ఏ మాటా అనరు."

"మీ బాబాయి మాట్లాడకపోతే నేను దణ్ణం పెట్టుకుంటాను. కావాలంటే మార్చుకుందామా?"

అమ్మ కూడా నవ్వింది. అక్క నవ్వింది. ఆ పూట ఇల్లంతా సరదాగా ఉంది. వెళ్ళేటప్పుడు పిన్ని అమ్మ చెవిలో, "ఏదో ఉంది, చెప్పట్లేదు," అంది.

మార్చి 7

ఏదీ లేదు. అదే ఉంది. ఈ మాట పిన్నితో అనాల్సింది.

మార్చి 9

రేపు అక్కతో మాట్లాడతాను.

మార్చి 12

ఘోరం జరిగింది. సందు పోయింది.

పొద్దున మనుషులొచ్చి గోడ పడగొట్టారు. కుళాయి పీకేశారు. పదకొండింటికి ఒకతను రెండు చక్రాలు తెచ్చి, స్కూటరుకి బిగించి, తన్ని, స్టార్ట్ చేసి, ఎక్కి వెళ్ళిపోయాడు. గుమాస్తా గారు, అటెండరు, మేము, అంతా కిటికీ దగ్గర నిలబడి చూశాం. ఆ మనిషి మా వైపు చూసి చెయ్యి కూడా ఊపాడు.

ప్రొఫెసర్ గారు కుర్చీలో కూలబడ్డారు. వచ్చే నెల కమిటీ వస్తుంది. చూపించడానికి ఏమీ జరగని చోటు ఒక్కటీ లేదు. ఆయన టీ చల్లారిపోయింది. వాళ్ళావిడ ఫోన్ చేస్తే ఎత్తారు. ఆవిడ రోజుకి అయిదారుసార్లు చేస్తుంది, ఈయన ప్రతిసారీ ఎత్తుతారు. వంకాయలు పుచ్చులొచ్చాయని, పక్కింటివాళ్ళు ఇల్లు మారుతున్నారని. "ఆహా, తర్వాత?" అంటూ వింటారు. ఇవాళ కూడా, అంత దుఃఖంలో, "తర్వాత?" అన్నారు.

ఫోన్ పెట్టి నాతో, "మా ఇంట్లో పరిశోధన అసాధ్యమమ్మా," అన్నారు.

ఆయన్ని చూస్తే జాలేసింది. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. నాకు అలా అనిపించడం అరుదు. అనిపించినప్పుడు ఏం వస్తుందో నాకే తెలియదు.

"మా బావగారింట్లో ఏమీ జరగదు సార్," అన్నాను.

ఆయన తలెత్తారు.

నేను అక్క గురించి చెప్పలేదు. బావగారి ఇంటి గురించి చెప్పాను. రెండూ వేరు.

మార్చి 13

ఆదివారం బావగారు అక్కని తీసుకెళ్ళడానికి వస్తున్నారు. నాన్న పిలిపించారు. ప్రొఫెసర్ గారూ అప్పుడే వస్తానన్నారు. వద్దని చెప్పాలి.

మార్చి 14

వద్దని చెప్పలేదు. ఇంట్లో మాత్రం చెప్పాను. మా ప్రొఫెసర్ గారు వస్తారట అన్నాను, అంతే. నాన్న మొహం వికసించింది. "చదువుకున్న పెద్దమనిషి. మధ్యలో కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్తే బరువు దిగుతుంది. నువ్వు అడిగావా? పర్లేదే, నీకూ లోకం తెలుస్తోంది."

అది కాదు నాన్నా అని చెప్పడానికి వరండాలోకి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ మంచినీళ్ళు కావాలా అని అడిగి వచ్చాను.

మార్చి 16, ఆదివారం

బావగారు పదింటికి వచ్చారు. చెప్పులు విడిచి, పెట్టె పక్కన సర్ది పెట్టి, కుర్చీలో కూర్చున్నారు. నాన్న ప్రయాణం ఎలా జరిగిందన్నారు. "బాగానే," అన్నారు. అమ్మ చిక్కిపోయావు బాబూ అంది. ఆయన నవ్వారు. మంచి నవ్వే. ఆయన చెడ్డవారని నేను ఎప్పుడూ అనుకోలేదు. అక్క కూడా అనలేదు. అదే చిక్కు.

ప్రొఫెసర్ గారు కలం, కాగితాలు పట్టుకుని వచ్చారు. నాన్న ఎదురెళ్ళారు. ప్రొఫెసర్ గారు నాన్న చెయ్యి వదిలించుకుని నేరుగా బావగారి పక్కన కూర్చున్నారు.

"మీ ఇంట్లో రోజుకి ఎన్ని మాటలు నడుస్తాయండీ?"

బావగారు నిజాయితీగా ఆలోచించారు. "అవసరమైనన్ని."

"ఉదాహరణకి నిన్న?"

"నిన్న ఈవిడ ఇక్కడుందిగా."

"పోనీ, ఆవిడ ఉన్న రోజున?"

"అంతేనండి. తేడా ఏం లేదు."

అక్క వంటింటి గుమ్మంలో నీళ్ళ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. నాన్న తల ఊపుతున్నారు, అల్లుడు ఏదో గొప్ప మాట అన్నట్టు.

ప్రొఫెసర్ గారు అక్క వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా. ఆ ఇంట్లో చివరిసారి ఏదైనా జరిగిందని మీకు అనిపించింది ఎప్పుడు?"

అక్కని ఆ ప్రశ్న అలా అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అమ్మ అడిగింది వేరు. పిన్ని అడిగింది వేరు. అక్క మొహం ఒక్క క్షణం పాత రేడియో మొహంలా అయింది.

"గ్లాసు పగలగొట్టానండి."

"పొరపాటునా?"

"కావాలనే."

"ఆయనేం చేశారు?"

"ఊడ్చారు."

"మర్నాడు దాని గురించి ఇద్దరిలో ఎవరైనా మాట్లాడారా?"

"లేదండి."

"అయితే అది ఘటన కాదమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు మెల్లగా, ఆనందంగా. రాసుకున్నారు.

తర్వాత త్రాసుల గురించి అడిగారు. ఇక బావగారు మాట్లాడటం మొదలుపెట్టారు. ఖాళీ త్రాసు ముల్లు ఎప్పుడూ పూర్తిగా ఆగదట. ఆగినట్టు కనిపిస్తుందట. దగ్గరికి వంగి ఊపిరి బిగబట్టి చూస్తే సన్నగా వణుకుతూ ఉంటుందట. గాలి లేకపోయినా, ఎవరూ ముట్టుకోకపోయినా. "దాన్ని చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చండి," అన్నారు. ఆయన చేతులు గాల్లో త్రాసు కట్టాయి. కొట్ల వాళ్ళు పళ్ళెం కింద చింతపండు ఎలా అంటిస్తారో చెప్పి తనే పగలబడి నవ్వారు. ప్రొఫెసర్ గారు నవ్వారు, నాన్న నవ్వారు, మాటలు భోజనాల దాకా సాగాయి.

అక్క గుమ్మంలోనే ఉంది. ట్రేలో గ్లాసులు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. నేను వెళ్ళి ట్రే అందుకోవాల్సింది.

వెళ్ళేటప్పుడు ప్రొఫెసర్ గారు అక్కకి నమస్కారం పెట్టారు. "మీ ఇల్లు అపురూపమమ్మా. మేం వచ్చి కూర్చుంటే పాడైపోతుంది. వారానికోసారి ఫోన్ చేసి అడుగుతాం. మీ చెల్లెలే అడుగుతుంది."

"విన్నావుగా?" అన్నారు నాన్న. "చదువుకున్నవాళ్ళే లోపం లేదని తేల్చారు."

పెట్టె సర్దే పని లేదు. అది ఎప్పుడూ సర్దే ఉంది. బావగారు వెళ్ళి రిక్షా పిలుచుకొచ్చారు. అక్క చెప్పులు వేసుకుంటూ నా వైపు వంగింది. "ఆయనకి మాటలొచ్చునే," అంది. అంతే.

మార్చి 17

చెప్పుల స్టాండు పక్కన, పెట్టె ఉన్నచోట, నేల రంగు తేడాగా ఉంది. అమ్మ తుడిచింది. పోలేదు.

మార్చి 22, శనివారం

మొదటి ఫోన్. బావగారు శనివారం కూడా ఆఫీసుకి వెళ్తారు కాబట్టి సాయంత్రం నాలుగింటికి పెట్టుకున్నాం. ప్రొఫెసర్ గారు ఎదురుగా కూర్చున్నారు. నేను అడగాల్సింది ఒక్క ప్రశ్న. జవాబు విన్నాక నమోదు చేశాను అని చెప్పి పెట్టేయాలి. ఇంకో మాట అంటే మనమే ఘటన అవుతాం.

"ఏమైనా జరిగిందా?"

"మూగనోమూ! నువ్వేనా? పిల్లి వచ్చిందే. బూడిదరంగుది. కిటికీ మీద కూర్చుంది. ఇది ఘటనేనా? మీ ప్రొఫెసర్ గారిని అడుగు. దానికి పాలు పోశాను, ఆయన చూసి గిన్నె కడిగి పెట్టారు. పాలవాడు మారాడు, కొత్తవాడికి నత్తి. వింటున్నావా? అమ్మ ఎలా ఉంది?"

"నమోదు చేశాను."

పెట్టేశాను. రేపు ఇంటి నుంచి ఫోన్ చేసి మామూలుగా మాట్లాడతాను. అక్కకి తెలుసు, ఇది ఉద్యోగం అని.

మార్చి 23

సాయంత్రం నాన్న ముందుగదిలోనే ఉన్నారు. ఫోను కూడా ముందుగదిలోనే ఉంది. రేపు చేస్తాను.

మార్చి 29

"ఏమైనా జరిగిందా?"

"మళ్ళీ అదేనా? సరే, రాసుకో. పిల్లి రావట్లేదు. ఒక మాట చెప్పనా? నిన్నే మీ బావకిచ్చి చేయాల్సింది. ఈడూ జోడూ కుదిరేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గడియారం చూసుకునేవాళ్ళు."

"నమోదు చేశాను."

అది జోకు. అక్క ఎప్పుడూ ఇలాంటి జోకులే వేస్తుంది.

ఏప్రిల్ 5

"ఏమైనా జరిగిందా?"

"లేదు. నువ్వు అడిగావుగా, జరిగింది అదే."

ప్రొఫెసర్ గారు గదిలో లేరు. వాళ్ళావిడ ఫోన్ చేస్తే పక్కగదిలోకి వెళ్ళి మాట్లాడుతున్నారు. "ఆహా, తర్వాత?" అని వినిపిస్తోంది. నేను కావాలంటే మాట్లాడవచ్చు. ఎవరూ వినరు.

"నమోదు చేశాను," అన్నాను.

రేపు ఇంటి నుంచి చేస్తాను.

ఏప్రిల్ 12

"ఏమీ లేదు."

ఏప్రిల్ 19

"లేదు."

ప్రొఫెసర్ గారు వారంవారం జవాబుల్లోని మాటలు లెక్కపెట్టి గోడ మీద గ్రాఫు గీశారు. గీత సాఫీగా కిందికి దిగి పడుకుంది. ఆయనకి ఇంత అందమైన గీత ఎప్పుడూ రాలేదట. గుమాస్తా గారు వచ్చి చూసి, "ఐసీయూలో మా మామగారి పక్కన మిషనులో ఇలాంటిదే వచ్చిందండీ, అప్పుడే డాక్టరు వచ్చి దుప్పటి కప్పారు," అన్నారు. అందరం నవ్వాం.

ఏప్రిల్ 24

కమిటీ వచ్చింది. ముగ్గురు.

"ఇన్ని వారాల్లో ఒక్కటీ జరగలేదా?"

"ఒక్కటీ జరగలేదండి," అన్నారు ప్రొఫెసర్ గారు, కూతురు మొదటి ర్యాంకు తెచ్చుకున్నట్టు.

అధ్యక్షుడు గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపారు. మెచ్చుకున్నారు. ఇదే ఇంటిని ఇంకో మూడేళ్ళు చూడమని సిఫారసు చేశారు. ప్రొఫెసర్ గారు నా వైపు చూసి, "అంతా ఈ అమ్మాయి చలవ. ఒక్క మాట ఎక్కువ అనదు," అన్నారు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

ఇది నా రెండో బహుమతి.

మూడేళ్ళు.

ఏప్రిల్ 26, శనివారం

"ఏమైనా జరిగిందా?"

"ఊఁహూఁ."

అది బావగారి గొంతేమో అనుకున్నాను. బావగారు ఫోన్ ఎత్తరు. అది అక్కే. బావగారు ఎలా అంటారో అలా, నోరు తెరవకుండా అంది.

నమోదు చేశాను అనాలి. అనలేదు. అక్క పెట్టేస్తుందేమో అనుకున్నాను, పెట్టలేదు. అటు గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఎదురుగా ప్రొఫెసర్ గారి కుర్చీ ఖాళీగా ఉంది. ఇవాళే కాదు, చాలా వారాలు ఖాళీగానే ఉంది. ఆయన లేరు కాబట్టి మాట్లాడుతున్నానని రాసుకుంటే అబద్ధం అవుతుంది.

"అక్కా."

రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను.

"వచ్చెయ్."

చాలాసేపటికి, "వచ్చి ఏం చెప్పను?" అంది. "మళ్ళీ ఏం జరిగింది అంటారు. మళ్ళీ ఏమీ జరగలేదు అంటాను."

"నువ్వేం చెప్పకు. నేను చెప్తాను."

"నువ్వా?"

నవ్వింది. పాత నవ్వు కాదు, కానీ నవ్వే. "నువ్వు... చెప్తావా?" అంది మళ్ళీ, నాకు ఏదో వింత జబ్బు చేసిందని విన్నట్టు. పెట్టేసింది.

ప్రొఫెసర్ గారు లోపలికి వచ్చారు. "ఏమైనా జరిగిందా?"

"లేదు సార్."

ఏప్రిల్ 27

నాలుగు వాక్యాలు తయారు చేశాను. మనిషి కొట్టకపోయినా మనిషిని లేనట్టు చూడటం ఒకటి ఉంటుంది. అక్క తప్పు లేదు, బావగారిని తిట్టే పనీ లేదు. అక్క ఇక్కడే ఉంటుంది. ఎన్నాళ్ళని అడగొద్దు. స్నానాలగదిలో కుళాయి తిప్పి, అద్దం ముందు చెప్పుకున్నాను. అమ్మ తలుపు కొట్టి, "ఎవరితోనే?" అంది. నీళ్ళు దండగ అంది.

ఏప్రిల్ 28

నాలుగూ కంఠతా వచ్చాయి. రెండోది కొంచెం పొడుగైంది.

ఏప్రిల్ 29

అక్క వచ్చింది.

సాయంత్రం. నాన్న పేపరుతో, అమ్మ చిక్కుడుకాయలతో ముందుగదిలో ఉన్నారు. అక్క గుమ్మంలో ఆగి, పెట్టె చెప్పుల స్టాండు పక్కన పెట్టింది. సరిగ్గా ఆ మచ్చ మీద.

"ఏం జరిగింది?" అన్నారు నాన్న.

అక్క నా వైపు చూసింది. అక్క చూస్తే అమ్మ చూసింది. అమ్మ చూస్తే నాన్న. మా ఇంట్లో అందరూ ఒకేసారి నా వైపు చూడటం అంతకుముందు ఎప్పుడైనా జరిగిందా? గుర్తు లేదు.

నాలుగు వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. మొదటిది 'మనిషి'తో మొదలవుతుంది. ఆ మాట కోసం నోరు తెరిచాను. గాలి వచ్చింది. అక్క మొహంలో ఏం కనిపించిందో రాయను. అది నన్ను క్షమించేస్తోంది. అదే భరించలేకపోయాను.

"నిన్నే అడిగేది," అన్నారు నాన్న, అక్కతో. "ఏం జరిగింది?"

నేను వెళ్ళి పెట్టె ఎత్తాను. బరువుగా ఉంది. నాన్న కాళ్ళు ఎత్తి దారిచ్చారు, అలవాటు కొద్దీ. మా గదిలోకి తీసుకెళ్ళి, మంచం మీద పెట్టి, తెరిచాను. నా బీరువా తెరిచాను. నా బట్టలన్నీ కింది అరలోకి కుక్కి, అక్క బట్టలు ఒక్కొక్కటే తీసి పై అరలో పెట్టడం మొదలుపెట్టాను. మడతలు సరిగ్గా రాలేదు.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏం చేస్తున్నావే? నాలుగు రోజులకి ఇదంతా... బీరువాలో చోటెక్కడుంది?"

నేను ఇంకో జత పెట్టాను. అమ్మ నా చేతుల వైపు చూసింది. వెళ్ళిపోయింది. నాన్నతో ఏదో అంది, వినపడలేదు.

అడుగున కాగితంలో చుట్టినదేదో తగిలింది. విప్పాను. చిన్న పాలగిన్నె. పిల్లిది.

ఖాళీ పెట్టెని స్టూలెక్కి అటక మీదికి, చెయ్యి అందినంత లోపలికి తోసేశాను. స్టూలు ఊగింది. అక్క పట్టుకుంది.

నాన్న మళ్ళీ పిలిపిస్తారు, ఆదివారం బావగారు వస్తారు. శనివారం ఫోన్ చేస్తే ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఆ సంగతి ప్రొఫెసర్ గారికి చెప్పాలి. పాడుచేసింది నేనేనని కూడా చెప్పాలి. వీటిలో దేనికీ నా దగ్గర ఇంకా ఒక్క వాక్యం లేదు.

ఇద్దరికన్నా ఎక్కువమంది చూశారు. వస్తువు ఉన్నచోటు నుంచి కదిలింది. మూడోది రేపు తెలుస్తుంది.

ఏప్రిల్ 30

పొద్దున కాఫీల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ చక్కెర సరిపోయిందా అంది. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అక్క కప్పులోకి చూస్తోంది. మా ఇంట్లో ఇంతే, రాత్రి గడిస్తే చాలు. ఇంకో రెండు గుక్కలైతే నిన్న ఏమీ జరగనట్టే.

"నిన్న," అన్నాను.

కప్పు కింద పెట్టాను. మళ్ళీ మొదలుపెట్టాను.

"నిన్న అక్క పెట్టె అటక మీద పెట్టాను. ఇక దించను."

నాన్న పేపరు కిందికి దించారు.